ఖాసిం చాచా తోలిన దారి

కరీంనగర్ నుంచి ఆదిలాబాదుకు పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం భోజనం వేళకు చేరుకోవచ్చు. రోడ్లు ఇప్పుడు అంత బాగున్నాయి. మేం మాత్రం పోయి రావడానికి నాలుగు రోజులు తీసుకున్నాం. అటువైపు ఎన్నడూ పోనివాళ్ళు, అంత దూరం పోయి చూసేదేముందని అడిగారు. మేం పోయింది, ఒక మనిషి ముప్పై ఏళ్ళు బస్సు నడిపిన దారిని చూడడానికి.

ఆ మనిషి ఖాసిం చాచా. హుజూరాబాదులో మా ఇంటికీ ఆయన ఇంటికీ మధ్య ఒకటే గోడ. నేను పదో తరగతి తప్పి ఇంట్లో బీడీలు చుడుతున్న రోజుల్లో, ఆయన ఒక ఆదివారం మా వాకిట్లో నిలబడి, "పిల్ల చేతులు మంచిగ ఆడుతున్నయ్. పొగాకు దుమ్ములెందుకు? బండి నేర్పిస్త" అన్నాడు. అవ్వ తమాషా అనుకొని నవ్వింది. మరుసటి ఆదివారం ఆయన నన్ను మార్కెట్ యార్డుకు తీసుకుపోయి, తన పాత వ్యానులో డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. బండి చేతికొచ్చాక ఊరుకోలేదు. తప్పిన పరీక్ష కట్టమని వెంటపడ్డాడు, తర్వాత డిగ్రీ దాకా వెంటపడ్డాడు. ఇవాళ నేను బడిపిల్లల వ్యాను నడుపుకొని బతుకుతున్నా, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నా, ఆ వెంటపడడం వల్లనే.

మొన్న ఎండాకాలం ఆయన పోయాడు. గుండెలో నొప్పి అంటే నేనే వ్యానులో కరీంనగర్ తీసుకుపోయాను. మానకొండూరు దగ్గర నేను లారీల మధ్య నుంచి దూరిపోతుంటే, చెమటలో తడిసి ముద్దయిన మనిషి కళ్ళు తెరిచి, "మూల మీద ఓవర్‌టేక్ చెయ్యకు బిడ్డా" అన్నాడు. ఆస్పత్రిలో రెండు రోజులు ఉన్నాడు. తర్వాత లేడు.

మా వాళ్ళలో భర్త పోయిన మనిషిని చుట్టాలు వచ్చి నిద్రకని తమ ఇంటికి తీసుకుపోతారు. చోటు మారితే దుఃఖం కాస్త పలచబడుతుందని. చాచా భార్య షరీఫా చాచీ వాళ్ళలో దీనికి తలకిందులు. ఇద్దత్ అని, నాలుగు నెలల పైన భార్య గడప దాటదు. చాచీ ఆ గడువంతా ఇంట్లోనే గడిపింది. గడువు తీరిన వారంలో భైంసా నుంచి ఆమె తమ్ముడు హమీద్ ఫోన్ చేశాడు. పిల్లలు లేని అక్క ఒక్కతే ఎందుకుండాలి, వచ్చి తన దగ్గరే ఉండమన్నాడు.

చాచీ నన్ను పిలిచింది. "భైంసాకు తోలుకపోతవా సుజాతా? సీద పోవద్దు. మీ చాచా రోడ్డు పట్టుకొని ఆదిలాబాద్ దాక పోయి, అటెన్క భైంసాకు పోదాం. ముప్పై ఏండ్లు ఇంటికొచ్చి ఆ రోడ్డు కథలే చెప్పిండు. నేను ఆ బస్సు ఒక్కనాడు ఎక్కలే."

దసరా సెలవులు కాబట్టి నా వ్యాను ఖాళీగానే ఉంది. భైంసాలో ఉండిపోతుందా, తిరిగొస్తుందా అని నేను అడగలేదు. ఆమె సర్దుకున్న రెండు పెద్ద సంచులు చూశాక అడగబుద్ధి కాలేదు.

మెట్‌పల్లి దారిలో

మానకొండూరు దాటేదాకా నా చేతులు స్టీరింగ్ మీద బిగుసుకుపోయే ఉన్నాయి. చాచీ అది గమనించి, నా భుజం మీద చేయి వేసి అట్లాగే ఉంచింది. కరీంనగర్ దాటాక గాని తీయలేదు.

జగిత్యాలలో చాచా రోజూ భోజనం చేసిన హోటలు కోసం వెతికాం. ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. అందులో కుర్రవాడికి పాత హోటలు సంగతే తెలియదు. రోడ్డు పక్కన బండి మీద పది రూపాయల చాయ్ తాగి కదిలాం. చాచీ అద్దంలోంచి ఆ దుకాణాన్ని కనపడినంత సేపూ చూసింది.

మెట్‌పల్లికి ఇవతల ఒక ఊళ్ళో, రేకుల పందిరి కింద ఆడవాళ్ళు ఒళ్ళో చాటలు పెట్టుకొని బీడీలు చుడుతున్నారు. మంచినీళ్ళ కోసం ఆగినదాన్ని వాళ్ళ మధ్య కూలబడ్డాను. ఒకామె తన చాట నా ఒళ్ళోకి జరిపింది. తునికాకు కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, దారం కట్టాను. ఇన్నేళ్ళయినా వేళ్ళు మరవలేదు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పాసయ్యావన్నట్టు కట్టలో కలుపుకుంది. ఇప్పుడేం చేస్తున్నావని అడిగితే వ్యాను చూపించాను. మొగవాడు ఎవడో లోపల ఉంటాడనుకొని ఆమె తొంగి చూసింది. నేనే నడుపుతానంటే నమ్మకం కుదరక, ఎవరు నేర్పారని అడిగింది.

"నా మొగడు నేర్పిండు" అంది చాచీ.

నాలుగు నెలల తర్వాత ఆమె ఆయన్ను గురించి గొంతు వణకకుండా మాట్లాడడం అదే మొదటిసారి. ఆ మాటలో ఉన్న గర్వానికి నాకే సిగ్గేసి, గబగబా వ్యానెక్కాను. ఆ కంగారులోనే కాబోలు, ఆర్మూరులో నిర్మల్ వైపు తిరగవలసినదాన్ని నిజామాబాద్ రోడ్డు పట్టాను. చాలా దూరం పోయాక ఒక పాలాయన ఆపి, వచ్చిన దారినే పొమ్మన్నాడు. చాచా ఉంటే, దారి తప్పినందుకు గాక, బోర్డు చదవనందుకు తిట్టేవాడు.

నిర్మల్

నిర్మల్‌లో బొమ్మలు చెక్కే వీధి దగ్గరికి రాగానే రంగుల వాసన ముక్కుకు తగిలింది. చాచీ ఇంట్లో అద్దాల బీరువా నిండా ఇక్కడి కొయ్య పండ్లు, చిలకలు ఉన్నాయి. అడుగుతూ పోతే వాటిని ఇచ్చిన దుకాణం దొరికింది. దుకాణదారు, డెబ్బై ఏళ్ళ పెద్దాయన, ఖాసిం డ్రైవరు అనగానే కుర్చీలోంచి లేచాడు. పోయాడని చెప్పగానే మళ్ళీ కూర్చున్నాడు. కాసేపటికి చాచీకి కుర్చీ వేయించి, తన కథ చెప్పాడు. బొమ్మల పెట్టెలు బస్సు పైన వేస్తే విరిగిపోతుంటాయట. చాచా మాత్రం తనే పైకెక్కి, తాడు తనే కట్టేవాడట. అందుకు ఏమన్నా పుచ్చుకోమంటే, రంగు పోయినవీ, ముక్కు విరిగినవీ ఏరుకొని తీసుకుపోయేవాడట.

చాచీ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "నాకేమో షోరూముల ఏరి ఏరి తెచ్చిన అని చెప్పెటోడు. ఆ చిలకకు ముక్కు ఎందుకు లేదంటే, గది ఒక జాత్ అన్నడు."

పెద్దాయన కూడా నవ్వి, ముక్కున్న చిలకను ఒకదాన్ని కాగితంలో చుట్టబోయాడు. చాచీ వద్దంది. ఇంట్లో ఉన్నవాటి పక్కన అది కలవదంది.

ఘాటు మీద

నిర్మల్ దాటి ఉత్తరానికి పోతే అడవి మొదలవుతుంది. కొత్త హైవే కొండను చుట్టుకోకుండా పోతుంది గాని, రాత్రి నిర్మల్‌లో ఉండి మరునాడు బయలుదేరిన మేం పాత ఘాటు రోడ్డే పట్టాం. టేకు చెట్లు పూతమీద ఉన్నాయి. మలుపు మీద మలుపు. నాకు వ్యాను నడపడం హుజూరాబాద్ సందుల్లో తెలుసు గాని ఇలాంటి చోట తెలియదు. ఏ గేరులో ఎక్కితే అదే గేరులో దిగాలనీ, దిగేటప్పుడు బ్రేకును నమ్ముకుంటే అది వేడెక్కి మోసం చేస్తుందనీ చాచా చెప్పిన మాటలు మనసులో చెప్పుకుంటూ ఎక్కించాను.

పైన ఆగి రొట్టెలు విప్పేసరికి కోతులు వచ్చాయి. ఒకటి మూటనే ఎత్తుకుపోయింది. కూర గిన్నె మాకు మిగిలింది. రొట్టెల్లేని కూరను చూసుకుంటూ ఇద్దరం కాసేపు కూర్చొని, చివరకు స్పూనుతో తినేశాం.

అక్కడి నుంచి కుంటాల జలపాతానికి పోయాం. వానలు వెనకపట్టు పట్టినా నీళ్ళు ఇంకా జోరుగానే ఉన్నాయి. మెట్లు దిగడం చాచీ మోకాళ్ళ వల్ల కాలేదు. సగంలో, చెట్ల సందులోంచి నీళ్ళు కనపడే చోట కూర్చుంది.

"మీ చాచా చెప్పినంత పెద్దగ లేదు" అంది.

నాకు నవ్వొచ్చింది. తనూ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే మొహం చేతుల్లో దాచుకొని ఏడ్చింది. ఇంట్లో వచ్చేపోయేవాళ్ళ ముందు ఆమె ఏడవగా చూశాను గాని, ఇట్లా చూడలేదు. నేను పక్కన కూర్చున్నాను. నీళ్ళ హోరులో ఆమె ఏడుపు నాకు తప్ప ఎవరికీ వినపడలేదు. పక్కనుంచి దిగిపోతున్న ఒక గోండు ముసలమ్మ ఆగి, ఏమీ అడగకుండా కొంగులోంచి రెండు సీతాఫలాలు తీసి మెట్టు మీద పెట్టి పోయింది.

ఆదిలాబాద్

ఆదిలాబాద్ చేరితే చెవికి మరో ఊరొచ్చిందని తెలుస్తుంది. కలిసినవాళ్ళు రాం రాం అంటారు. ఆడవాళ్ళను బాయి అనీ, పెద్దమనుషులను కాకా అనీ పిలుస్తారు. తెలుగులో మొదలైన మాట మరాఠీలో ముగుస్తుంది. చాచా బస్సులో చాలా ఏళ్ళు కండక్టరుగా ఉన్న గంగారాం కాకా ఇంట్లో దిగాం. ఆయన భార్య శాంతాబాయి జొన్నరొట్టెలు తట్టి, పచ్చిమిరపకాయలూ వెల్లుల్లీ పల్లీలూ దంచిన ఠేచా వేసింది. మా వైపు కారం తినేవాళ్ళమనే నా గర్వం ఆ ముద్దతో పోయింది.

చాచాను పూడ్చిన రోజు గంగారాం కాకా మట్టికి వచ్చినవాడే. అప్పుడు ఏడవడమే తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడాడు. ఒకసారి ఇచ్చోడ అవతల వాగు పొంగి రోడ్డు మీదికి వచ్చిందట. చాచా బస్సు ఆపేశాడు. వాళ్ళ కళ్ళముందే ఒక జీపు దాటిపోయింది. దాంతో బస్సులోని జనం, నీకు చేతకాదు, జీపువాడికున్న ధైర్యం నీకు లేదని నోటికొచ్చినట్టు తిట్టారట.

"ఏమన్నడో ఎరికేనా?" అన్నాడు కాకా. "వాడు దాటిండు, మనం దాటలే. ఇద్దరం బతికే ఉన్నం గదా, మరి లొల్లి ఎందుకు అన్నడు. అని, సీటు మీద కాళ్ళు సాపి కూసున్నడు. ఇగ ఎవ్వడు మాట్లాడలే."

మరునాడు ఎక్కడికని అడిగితే, చాచీ భైంసా అనీ, హమీద్ ఇంటికనీ చెప్పింది. కాకా నా వైపు ఒకసారి చూసి, తల దించుకొని రొట్టె తుంచుకున్నాడు. ఆ చూపు నాకు అర్థం కాలేదు.

పొద్దున బజారులో అటుకుల పోహా తిన్నాం. పైన ఎర్రటి శనగల పులుసు పోసి ఇచ్చారు. చాచీకి ఎక్కిళ్ళు పట్టుకొని, ఊరు దాటేదాకా తగ్గలేదు.

చాచీ చెప్పిన మాట

తిరిగి నిర్మల్ మీదుగా భైంసా రోడ్డు ఎక్కాం. రెండు పక్కలా పత్తి విచ్చుకొని తెల్లగా ఉంది. చాచీ ఒక చోట బండి ఆపమంది. ఆపాను.

"ఒక ముచ్చట చెప్పకుండ నిన్ను ఆ గడప తొక్కనియ్య" అంది. "నువ్వు బండి నేర్సుకునే యాడాది హమీద్ మా ఇంటికొచ్చిండు. మార్కెట్ యార్డుల మీ చాచా పక్కన నిన్ను చూసిండు. పరాయి ఆడపిల్లను పక్కన కూసోబెట్టుకొని తిరుగుతుండు, మా ఇజ్జత్ ఏం గావాలె అని నలుగుర్ల అన్నడు. మీ చాచా లొల్లి వెట్టుకోలే. ఆ పిల్ల నాకు బిడ్డ, నువ్వు మాట ఎనక్కి తీస్కునేదాక నీ ఇంట్ల నీళ్ళు తాగ అన్నడు. వాడు తీస్కోలే. ఈయన తాగలే."

చాచా ఇంటికి హమీద్ రాడని నాకు తెలుసు. వ్యాపారం తీరిక ఇవ్వదనే అనుకున్నాను. చాచా మట్టికి కూడా రాకపోతే, ఎంత రాతిమనిషో అనుకున్నాను. మధ్యలో ఉన్నది నేనని ఇరవై ఏళ్ళు తెలియదు. ఆ ఇరవై ఏళ్ళూ చాచీ తమ్ముడింటికి ఒక్కతే పోయి ఒక్కతే వచ్చింది. ఆ గోడకు ఇవతలే ఉండి నేనది చూశాను, ఎందుకని అనుకోలేదు.

నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నువ్వు బండి ఇడిసిపెడ్తవని ఆయన ఫికర్" అంది.

నిన్ను వీధి మొదట్లో దింపేసి నేను తిరిగిపోతాను చాచీ, అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. బండి ఇంటి ముందే ఆగాలి, నువ్వే నడుపుకుంటూ రావాలి అంది.

భైంసా

భైంసాలో పత్తి సీజను అప్పుడే మొదలైంది. ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. గాలిలో దూది పోగులు ఎగురుతున్నాయి. హమీద్ ఇల్లు మార్కెట్టు వెనక వీధిలో. గేటు ముందు ఆపాను.

నేను ఊహించుకున్న మనిషి వేరు. బయటికి వచ్చినాయన తెల్లగడ్డం, చేతికర్ర, వంగిన నడుము. అక్క చేతులు పట్టుకొని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత ఎవరు తీసుకొచ్చారని అడిగాడు. చాచీ, "గీ పిల్లనే. మీ బావ బిడ్డ" అంది. ఆయన నా వైపు చూడలేకపోయాడు.

లోపల కోడలు నస్రీన్ ఇద్దరికీ నీళ్ళు తెచ్చింది. బళ్ళో టీచరట. అప్పుడే బజారు నుంచి వచ్చినట్టుంది, వాకిట్లో ఆమె స్కూటీ ఇంకా హెల్మెట్టుతోనే ఉంది. గ్లాసు చేతిలోకి తీసుకున్నాను గాని, చాచా తాగని నీళ్ళు అవి. దించి బల్ల మీద పెట్టాను. నా పక్కన చాచీ గ్లాసు కూడా అట్లాగే ఉంది. నస్రీన్ ఏమీ అర్థం కాక నిలబడిపోయింది. హమీద్‌కు అర్థమైంది.

"మట్టికి ఎందుకు రాలే?" చాచీ మెల్లగానే అడిగింది.

"ఏ మొఖం వెట్టుకొని రావాలె ఆపా? బతికున్నప్పుడు ఒక్క మాట ఎనక్కి తీస్కోలే. పోయినంక వచ్చి ఎవ్వలకు చెప్పాలె?"

"మాట ఎవ్వలను అన్నవో ఆ పిల్ల ఈడనే ఉంది."

ఆయన కర్ర మీద చేతులు పెట్టుకున్నాడు. తర్వాత, మొదటిసారి, తల ఎత్తి నన్ను చూశాడు. "తప్పు మాటన్న. తప్పని గప్పుడే ఎరికె. పట్టుదలకు పోయిన" అన్నాడు. వాకిటి వైపు చేయి చూపించి, "నా కోడలు రోజూ ఆ బండి మీద పోయొస్తది. అది గేటు దాటినప్పుడల్ల మీ చాచా యాదికొస్తడు" అన్నాడు.

ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే, ఎదురుగా కూర్చున్న ముసలాయనలో ఆ కోపానికి సరిపోయే మనిషి కనపడలేదు. గ్లాసు తీసుకొని నీళ్ళు తాగాను. చాచీ తాగింది. అప్పుడు నస్రీన్ వంటింట్లోకి పోయి, అన్నం వడ్డించడానికి పళ్ళేలు తెచ్చింది.

తిరుగుదారి

నేను ఒక్కదాన్నే తిరిగిపోవాలనుకొని పొద్దున్నే లేచాను. చాచీ అప్పటికే తన రెండు సంచులూ వ్యానులో పెట్టించింది. ఎక్కడ ఉండాలని ఆలోచించావని అడిగాడు హమీద్.

"నా ఇంట్లనే ఉంట. ఆయన ఎన్ని ఊర్లు తిరిగొచ్చినా నేను ఆడనే ఉన్న. నాకు గదే అలవాటు" అంది చాచీ. "నువ్వు సుత రా. నిన్న దానికి చెప్పినవ్, నాకు చెప్పినవ్. చెప్పాల్సినోడు హుజూరాబాదుల పండుకున్నడు."

ఆయన లోపలికి పోయి, టోపీ, ఒక చిన్న సంచీ తెచ్చుకున్నాడు. వెనక సీటు నిండా చాచీ, ఆమె మోకాళ్ళు, ఆమె మూటలు. ఆయన ఒక క్షణం ఆలోచించి ముందు తలుపు తీసి నా పక్కన కూర్చున్నాడు.

నిర్మల్ దాటాం. సోన్ దగ్గర గోదావరి మీద వంతెన దాటుతుంటే, నీకు మొదట ఏం నేర్పాడని అడిగాడు. బండి నేర్పడానికి ముందు ఆయన నాకు టైరు విప్పడం నేర్పాడని చెప్పాను. యార్డులో ఇటుకలు నిలబెట్టి, వాటికి తగలకుండా వెనక్కి తీయమన్నాడనీ, తగిలిన ఇటుకకల్లా ఒక చాయ్ తాగించాలని పందెం పెట్టి, ఓడినా డబ్బులు తనే ఇచ్చేవాడనీ చెప్పాను. కాకా చెప్పిన వాగు కథ, ముక్కులేని చిలక కథ చెప్పాను. ఆయన వింటూ వింటూ, అది మళ్ళీ చెప్పు అనేవాడు. ఇరవై ఏళ్ళు దూరం పెట్టిన మనిషిని ఒక్క దారిలో తెలుసుకోవాలన్నట్టుంది ఆయన ఆత్రం. చాచీ వెనక కళ్ళు మూసుకొని పడుకుంది గాని, నేను తప్పు చెప్పినచోటల్లా దిద్దుతూనే ఉంది.

హుజూరాబాదులో పొద్దు వాలుతుండగా ఖబరస్తాన్ గేటు దగ్గర ఆగాం. మా ఊళ్ళో ఆడవాళ్ళు లోపలికి పోరు. ఏ సమాధో చాచీ వేలితో చూపించింది. హమీద్ చెప్పులు విడిచి, కర్ర ఆనించుకుంటూ గడ్డిలో నడిచి పోయాడు. మట్టి దిబ్బ దగ్గర నిలబడి చేతులెత్తాడు. తర్వాత కింద కూర్చున్నాడు. మేం గేటు చువ్వలు పట్టుకొని చూస్తూ నిలబడ్డాం. రోడ్డు మీద నుంచి ఎవరెవరో పలకరించి పోయారు.

ఆయన తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చెప్పులు వేసుకోవడానికి చాచీ ఆయన కర్ర అందుకొని చేయి ఇచ్చింది.

"ఏం చెప్పినవ్?" అంది.

"చెప్పరాలే. సలాం అన్న. ఇరవై ఏండ్లాయె ఆయనకు సలాం అనక."

"జవాబు ఇచ్చే ఉంటడు" అంది చాచీ. "ఆయన ఎవ్వల సలాం బాకీ ఉంచుకునెటోడు కాదు."

తమ్ముడి చేతికి కర్ర ఇచ్చి, ఆమె ఇంటివైపు నడిచింది. ఇల్లు అక్కడికి నాలుగు సందుల దూరమే. వ్యాను అక్కడే వదిలేసి, మేమిద్దరం ఆమె వెనక నడిచాం.